చిప్‌లో తప్పు, కెర్నెల్‌లో సర్దుబాటు

ప్రాసెసర్ ఒకసారి ఫ్యాక్టరీ దాటాక దాని లోపల ఒక్క ట్రాన్సిస్టర్‌ను కూడా మార్చడం ఎవరి తరమూ కాదు. అందులో తప్పు దొర్లి ఉంటే రెండే దారులు. చిప్‌ను వెనక్కి తీసుకుని కొత్తది ఇవ్వాలి, లేదా ఆ తప్పు బయటపడే పరిస్థితే రాకుండా సాఫ్ట్‌వేర్ జాగ్రత్తపడాలి. మొదటిదానికి కోట్ల డాలర్లు ఖర్చవుతాయి, పైగా అమ్ముడుపోయిన ఫోన్లనూ కంప్యూటర్లనూ వెతికి పట్టుకోవడం జరిగే పని కాదు. అందుకే ఎక్కువ సందర్భాల్లో రెండో దారే మిగులుతుంది. ఆ భారం ఆపరేటింగ్ సిస్టమ్ మీద, అందులోనూ దాని గుండెకాయ లాంటి కెర్నెల్ మీద పడుతుంది. మెమరీ పట్టికలు, ఇంటరప్టులు, ప్రాసెసర్ లోపలి నియంత్రణ రిజిస్టర్లు కెర్నెల్ చేతిలోనే ఉంటాయి. మామూలు ప్రోగ్రాములకు వాటి జోలికి వెళ్లే అనుమతి ఉండదు.

ఈ కాలపు ప్రాసెసర్ ఏదైనా కొన్ని తప్పులతోనే మార్కెట్‌లోకి వస్తుంది. తయారీ సంస్థలు ప్రతి మోడల్‌కూ ఒక తప్పొప్పుల పట్టిక ప్రకటిస్తాయి. ఏ ఆదేశాల వరుస నడిచినప్పుడు, ఏ పరిస్థితిలో, చిప్ ఏం తప్పు చేస్తుందో అందులో రాసి ఉంటుంది. దాన్ని తప్పించుకునే ఉపాయం, తర్వాతి తయారీలో సరిచేస్తారా లేదా అన్నదీ ఉంటుంది. చాలా తప్పుల ఎదుట 'సరిచేసే ఉద్దేశం లేదు' అన్న మాటే కనిపిస్తుంది. ఇది నిర్లక్ష్యమని అనుకోవడం పొరపాటు. రెండు 64 బిట్ల సంఖ్యలను కూడటానికే ఉన్న జతలన్నీ లెక్కిస్తే 39 అంకెల సంఖ్య వస్తుంది. అన్నిటినీ పరీక్షించడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. డిజైన్ సిలికాన్‌గా మారకముందే తప్పులు పట్టే పనిని వెరిఫికేషన్ అంటారు. హైదరాబాద్‌లోని క్వాల్‌కామ్, ఏఎమ్‌డీ, ఇంటెల్ డిజైన్ కేంద్రాల్లాంటి చోట్ల ఇంజినీర్ల శ్రమలో పెద్ద భాగం దీనికే పోతుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల కాలేజీల్లో ఎలక్ట్రానిక్స్ చదివిన ఎందరికో ఇదే బతుకుదెరువు. ఎంత జల్లెడ పట్టినా కొన్ని తప్పులు జారిపోతాయి.

ఈ చరిత్ర పాతదే. 1987లో ఇంటెల్ 386 చిప్‌లలో కొన్ని 32 బిట్ల గుణకారం తప్పుగా చేస్తున్నాయని తేలింది. తప్పున్నవాటి మీద '16 బిట్ల సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే' అని ముద్ర వేసి అమ్మారు. జనం నోళ్లలో బాగా నానింది మాత్రం 1994 నాటి పెంటియం భాగహారం. అమెరికాలోని లించ్‌బర్గ్ కాలేజీలో గణితం బోధించే థామస్ నైస్లీ కవల ప్రధాన సంఖ్యల మీద లెక్కలు వేస్తుండగా జవాబులు పొసగలేదు. ప్రోగ్రామును, కంపైలర్‌ను, మదర్‌బోర్డును ఒక్కొక్కటిగా అనుమానించి పక్కన పెట్టాక చివరికి దొంగ ప్రాసెసరేనని తేల్చాడు. 4195835ను 3145727తో భాగిస్తే 1.333820449 రావాలి. ఆ పెంటియం 1.333739068 ఇచ్చేది. భాగహారానికి వాడే 1066 గడుల పట్టికలో 5 గడులు ఖాళీగా ఉండిపోవడం దీనికి కారణమని ఇంటెల్ వివరించింది.

దీనికి సాఫ్ట్‌వేర్ కనిపెట్టిన విరుగుడు ముచ్చటైనది. భాజకం మొదటి కొన్ని బిట్లు చూస్తే అది ప్రమాదకరమైన గడుల దగ్గరికి వెళ్తుందో లేదో ముందే తెలిసిపోతుంది. వెళ్తుందనుకుంటే భాజ్యాన్నీ భాజకాన్నీ రెంటినీ 15/16తో గుణిస్తారు. భాగఫలం మారదు, భాజకం మాత్రం ప్రమాద స్థలం దాటిపోతుంది. విండోస్ ఎన్‌టీ ఇంత నాజూకుగా పోలేదు. తప్పున్న చిప్ అని తేలితే దాని దశాంశ లెక్కల భాగాన్నే పక్కనపెట్టి, ఆ లెక్కలన్నీ సాఫ్ట్‌వేర్‌తో చేయించే వీలు కల్పించింది. అది నెమ్మది, కానీ నమ్మకం. లైనక్స్ కెర్నెల్ మొదలయ్యే వేళ పైన చెప్పిన రెండు సంఖ్యలతోనే ఒక భాగహారం చేసి, ఫలితాన్ని మళ్లీ గుణించి చూసుకునేది. తేడా వస్తే ఈ చిప్‌కు ఫలానా జబ్బు ఉందని రాసిపెట్టుకునేది. ఇంటెల్ చివరికి చిప్‌లను మార్చి ఇచ్చేందుకు ఒప్పుకుని, అందుకోసం 47.5 కోట్ల డాలర్లు పద్దు రాసింది.

మూడేళ్ల తర్వాత, 1997 నవంబరులో, అదే పెంటియంలో బయటపడిన మరో తప్పు కెర్నెల్ సర్దుబాటు అంటే ఏమిటో ఇంకా బాగా చూపిస్తుంది. ఎఫ్0, 0ఎఫ్, సీ7, సీ8 అన్న నాలుగు బైట్లు. ఏ ప్రత్యేక అనుమతీ లేని మామూలు ప్రోగ్రాము వీటిని నడిపినా యంత్రం కట్టె బిగిసినట్టు ఆగిపోయేది. మౌస్ కదలదు, కీబోర్డు పలకదు, పవర్ తీసి మళ్లీ ఇవ్వడం ఒక్కటే గతి. పదిమంది పంచుకునే సర్వర్‌లో ఎవరో ఒకరు ఈ నాలుగు బైట్లు నడిపితే అందరి పనీ ఆగిపోతుంది.

ఆ ఆదేశం నిజానికి చెల్లనిది. మెమరీ చిరునామా ఉండాల్సిన చోట రిజిస్టర్ పేరు ఉంటుంది, దానికి తోడు ప్రాసెసర్‌నూ మెమరీనీ కలిపే బస్సును తాళం వేసి పట్టుకొమ్మనే లాక్ గుర్తు ముందుంటుంది. చెల్లని ఆదేశం వస్తే ప్రాసెసర్ కెర్నెల్‌ను పిలిచే 6వ నంబరు ఎక్సెప్షన్ లేవనెత్తి, ఆ నంబరుకు కెర్నెల్ పెట్టిన కోడ్ ఎక్కడుందో మెమరీలోని ఒక పట్టికలో చూసుకోవాలి. ఈ చిప్ ఆ పట్టికను కూడా బస్సుకు తాళం వేసే చదువుతుంది. తాళం వేసి చదివాక ఒక రాత జరగాలి, అప్పుడే తాళం తీయాలి అన్నది దాని లోపలి కట్టుబాటు. ఇక్కడ రాయాల్సిందేమీ లేదు. రాని రాత కోసం ప్రాసెసర్ అలా ఎదురుచూస్తూ ఉండిపోతుంది.

విరుగుడు ఆ పట్టికను పెట్టే చోటులో ఉంది. పట్టికలో ఒక్కో వరుసకు 8 బైట్లు. 0 నుంచి 6 వరకు ఏడు వరుసలకు 56 బైట్లు. మెమరీని 4096 బైట్ల పేజీలుగా పంచుతారు గనుక, ఆ 56 బైట్లు ఒక పేజీ చివర పడేలా, 7వ వరుస సరిగ్గా తర్వాతి పేజీ మొదట్లో మొదలయ్యేలా కెర్నెల్ పట్టికను జరుపుతుంది. తర్వాత మొదటి పేజీ లేనట్టుగా గుర్తు పెడుతుంది. ఇప్పుడు ఆ నాలుగు బైట్లు నడిస్తే ప్రాసెసర్ 6వ వరుస కోసం వెళ్తుంది, పేజీ లేదని తెలుస్తుంది, బస్సుకు తాళం పడకముందే పేజీ ఫాల్ట్ లేస్తుంది. పేజీ ఫాల్ట్ నంబరు 14. దాని వరుస రెండో పేజీలో భద్రంగా ఉంది కాబట్టి కెర్నెల్ కోడ్ మామూలుగా నడుస్తుంది. ఆ కోడ్ ఫాల్ట్ వచ్చిన చిరునామా చూసి, ఇది మన పట్టికలోని 6వ వరుసే కదా అని పోల్చుకుని, దాన్ని చెల్లని ఆదేశంగా లెక్కగట్టి ఆ ప్రోగ్రామును ఆపేస్తుంది. యంత్రం బతికిపోతుంది.

ఈ పద్ధతికి ఒక మూల్యం ఉంది. సున్నాతో భాగించడం లాంటి మామూలు పొరపాట్ల వరుసలు కూడా ఆ మొదటి పేజీలోనే ఉంటాయి, కాబట్టి అవీ పేజీ ఫాల్ట్ వేషంలోనే వస్తాయి. వాటిని పోల్చుకుని అసలు దారికి మళ్లించడం కెర్నెల్‌కు అదనపు పని. అందుకే లైనక్స్ తర్వాత పేజీని పూర్తిగా దాచకుండా, చదవడానికే తప్ప రాయడానికి వీల్లేనిదిగా గుర్తుపెట్టే దారి పట్టింది. లోపమున్న సందర్భంలో మాత్రమే ప్రాసెసర్ రాత అనుమతి అడుగుతుంది, కాబట్టి మిగతా ఎక్సెప్షన్లు మామూలుగా సాగిపోతాయి. లోపం బయటపడిన ఆ నవంబరులోనే లైనక్స్ 2.0.32 దీనికి విరుగుడుతో విడుదలైంది.

ఇక్కడ జరిగింది మరమ్మతు కాదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, పారే నీటిలోనే వారం రోజుల్లో స్టాప్‌లాగ్‌లు అనే అడ్డుపలకలు దింపి ప్రవాహాన్ని ఆపారు. విరిగిన గేటు అందువల్ల బాగుపడలేదు, నీరు మాత్రం నిలిచింది. కెర్నెల్ చేసేదీ అటువంటి పనే. ఒక తేడా ఏమిటంటే డ్యామ్‌కు తర్వాత కొత్త గేటు వస్తుంది, అమ్ముడైన చిప్‌కు అది రాదు. స్టాప్‌లాగ్ అక్కడ చిప్ బతికున్నన్నాళ్లూ ఉండాల్సిందే.

పెంటియం దెబ్బలు తగులుతున్న కాలంలోనే ఇంటెల్ మరో ఏర్పాటు తెచ్చింది. 1995లో వచ్చిన పెంటియం ప్రో నుంచి ప్రాసెసర్ లోపలి మైక్రోకోడ్‌ను కొంతవరకు మార్చుకునే వీలుంది. సంక్లిష్టమైన ఆదేశాలను చిన్న చిన్న అడుగులుగా విడగొట్టి నడిపించే లోపలి కోడ్ అది. మార్పు శాశ్వతంగా నిలవదు, పవర్ పోతే పోతుంది. అందుకే కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ బయాస్ గానీ, ఆపరేటింగ్ సిస్టమ్ గానీ దాన్ని మళ్లీ ఎక్కించాలి. విజయవాడ, గుడివాడ, తెనాలి లాంటి ఊళ్లలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు, అసెంబుల్ చేసిన కంప్యూటర్లు ఏళ్ల తరబడి నడుస్తుంటాయి. మదర్‌బోర్డు కంపెనీ ఆ మోడల్‌ను ఎప్పుడో వదిలేసి ఉంటుంది, కొత్త బయాస్ రాదు. అటువంటి యంత్రానికి ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్‌తో వచ్చే మైక్రోకోడే దిక్కు. అప్‌డేట్‌లు ఆపేసుకుని కూర్చోవడం ఎంత నష్టమో చెప్పడానికి ఇది ఒక్కటి చాలు.

ఫోన్ల సంగతి వేరు. వాటిలోని ఆర్మ్ కోర్‌లకు బయటినుంచి ఎక్కించే మైక్రోకోడ్ సౌకర్యం సాధారణంగా ఉండదు, కెర్నెలూ కంపైలరూ సర్దుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌కు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో షావోమీ తన రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విడుదల చేసింది. శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో తయారైన ఆ ఫోన్‌లో క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ 410 చిప్, అందులో నాలుగు కార్టెక్స్ ఎ53 కోర్‌లు ఉన్నాయి. తక్కువ ధర ఫోన్ల ప్రపంచాన్ని ఆ ఎ53 కోర్ చాలా ఏళ్లు మోసింది. ఎందరో విద్యార్థులు ప్రాజెక్టులకు వాడిన రాస్ప్‌బెర్రీ పై 3లో ఉన్నదీ అదే. ఆ కోర్ తప్పొప్పుల పట్టిక పెద్దది, అందులో రెండు ప్రత్యేకంగా చూడదగ్గవి.

మొదటిదాని నంబరు 843419. 64 బిట్ల కోడ్‌లో ఒక చిరునామాను లెక్కగట్టే ఏడీఆర్‌పీ అనే ఆదేశం ఉంటుంది. అది 4096 బైట్ల పేజీలో చిట్టచివరి రెండు స్థానాల్లో ఒకదాంట్లో పడి, దాని వెంట కొన్ని రకాల మెమరీ ఆదేశాలు నిర్దిష్ట వరుసలో వస్తే, లెక్క తప్పి వేరే చిరునామా రావచ్చు. అంటే ప్రోగ్రామర్ రాసింది సరైనదే, కంపైలర్ అనువదించిందీ సరైనదే. ఆ ఆదేశం పేజీలో కూర్చున్న చోటే చెడ్డది. దానికి లింకర్‌లో ఒక విరుగుడు పెట్టారు. అన్ని ఫైళ్లను కలిపి కుట్టే వేళ అది ప్రతి పేజీ చివరా చూసి, ప్రమాదకరమైన వరుస కనిపిస్తే దాన్ని మరోచోటికి మళ్లిస్తుంది. కెర్నెల్‌కు ఇంకో చిక్కు ఉంది. దానికి నడుస్తుండగానే జతచేసే మాడ్యూళ్లు ఏ చిరునామాలో కూర్చుంటాయో ముందు తెలియదు. అందుకే ఏడీఆర్‌పీ అవసరమే లేకుండా మాడ్యూళ్లను మరో తీరులో కంపైల్ చేశారు. 2018లో పద్ధతి మార్చి, మాడ్యూల్ ఎక్కించే క్షణంలోనే ప్రమాద స్థానాలు వెతికి అక్కడికక్కడే సరిచేయడం మొదలుపెట్టారు.

రెండోది 845719. 64 బిట్ల కెర్నెల్ మీద పాత 32 బిట్ల యాప్ నడుస్తున్నప్పుడు వచ్చే చిక్కు ఇది. కెర్నెల్ కాసేపటి క్రితం చదివిన చిరునామాలోని కింది 32 బిట్లు, ఇప్పుడు యాప్ చదవబోయే చిరునామాతో కలిస్తే, యాప్‌కు తప్పు విలువ రావచ్చు. కెర్నెల్ పని ముగించి 32 బిట్ల యాప్‌కు పగ్గాలు ఇచ్చే ప్రతిసారీ ఒక నియంత్రణ రిజిస్టర్‌లో విలువ రాయడమే దీనికి మందు. రెడ్‌మీ 2 ప్రైమ్ వచ్చింది ఆండ్రాయిడ్ 4.4తో, అది పూర్తిగా 32 బిట్లది గనుక ఈ రెండు తప్పులూ దాన్ని తాకలేదు. ఇవే కోర్‌లు 64 బిట్ల ఆండ్రాయిడ్‌తో వచ్చిన తర్వాతి ఫోన్లకు మాత్రం ఈ సర్దుబాట్లు లేకుండా గడవదు.

తప్పు లేని చిప్‌లకు ఈ అదనపు ఆదేశాలు దండగ. అందుకే కెర్నెల్ రెండు రకాల కోడ్‌నూ వెంట తెచ్చుకుంటుంది. మొదలవుతూనే ప్రాసెసర్ రకం, దాని కూర్పు నంబరు చదువుతుంది. జబ్బున్న కూర్పు అని తేలితే మెమరీలో ఉన్న తన సొంత కోడ్‌నే ఆ చోట్ల తిరగరాసుకుంటుంది. అందువల్ల ఒకే కెర్నెల్ ఫైలు రెండు ఫోన్లలో రెండు రకాలుగా నడవగలదు.

2018 జనవరి 3న బయటపెట్టిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు ఈ వ్యవహారాన్ని ఇంకో మెట్టు ఎక్కించాయి. వీటిలో ప్రాసెసర్ జవాబు తప్పు ఇవ్వదు. వేగం కోసం అనుమతి తేలకముందే పని మొదలుపెట్టి, తర్వాత ఆ పనిని చెరిపేస్తుంది. అయితే చదివిన దాని జాడ క్యాష్ మెమరీలో మిగులుతుంది. ఆ జాడను కొలిచి, మామూలు ప్రోగ్రాము కెర్నెల్ రహస్యాలను చదవగలదని మెల్ట్‌డౌన్ చూపింది. అప్పటివరకు ప్రతి ప్రోగ్రాము మెమరీ పట్టికలోనూ కెర్నెల్ భాగం కూడా ఉండేది, వేగం కోసం. విరుగుడుగా పట్టికలను విడదీశారు. ప్రోగ్రాము నడిచేటప్పుడు కెర్నెల్ చిరునామాలు దాదాపు ఏవీ కనిపించవు, కెర్నెల్ సాయం కోరిన ప్రతిసారీ పట్టిక మారుతుంది. ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లోనే వేరే అవసరం కోసం ఈ ఆలోచన ప్రతిపాదించి ఉండటం కలిసొచ్చింది. ఖర్చు మాత్రం తప్పలేదు. కెర్నెల్‌ను పదే పదే పిలిచే డేటాబేస్‌ల వంటివి నెమ్మదించాయి.

హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల నాయకత్వంలోని మైక్రోసాఫ్ట్ ఈ లోపాలు బయటపడిన రోజే విండోస్‌కు అత్యవసర అప్‌డేట్ ఇచ్చింది. కొద్దిరోజుల్లోనే కొన్ని పాత ఏఎమ్‌డీ యంత్రాలు ఆన్ కావడం లేదని ఫిర్యాదులు రావడంతో వాటికి ఆ అప్‌డేట్‌ను ఆపేయాల్సి వచ్చింది. స్పెక్టర్‌కు ఇంటెల్ ఇచ్చిన మైక్రోకోడ్ కొన్ని కంప్యూటర్లను వాటంతట అవే రీబూట్ చేస్తుండటంతో, జనవరి చివర ఆ రక్షణను ఆపేసే మరో అప్‌డేట్ వచ్చింది. సర్దుబాటు కూడా ఒక మార్పే, అందులోనూ తప్పు దొర్లవచ్చు. ఆ నెల అనుభవంలో కంటే స్పష్టంగా ఇది మరెక్కడా కనిపించదు.

లైనక్స్ ఉన్న ఏ కంప్యూటర్ ముందైనా కూర్చుని ఇదంతా కళ్లారా చూడవచ్చు. విజయవాడలో ఏ కాలేజీ ల్యాబుకు వెళ్లినా ఇందుకు ఐదు నిమిషాలు చాలు. సిస్ అనే డైరెక్టరీ కింద డివైసెస్, సిస్టమ్, సీపీయూ దాటి వెళ్తే వల్నరబిలిటీస్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ఒక్కో లోపానికి ఒక్కో చిన్న ఫైలు. మెల్ట్‌డౌన్ ఫైలు తెరిస్తే పాత ఇంటెల్ యంత్రంలో 'మిటిగేషన్: పీటీఐ' అని కనిపిస్తుంది, అంటే పట్టికలు విడదీసే రక్షణ పనిచేస్తోంది. కొత్త చిప్ అయితే 'నాట్ ఎఫెక్టెడ్' అని వస్తుంది. 'వల్నరబుల్' అని ఉంటే మాత్రం ఆ యంత్రానికి అప్‌డేట్ అవసరం. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఫోల్డర్‌లో ఫైళ్లు పెరుగుతూనే ఉన్నాయి.

కొన్నిసార్లు విరుగుడు ఒక్క బిట్‌లో ఉంటుంది. డిజైనర్లు తమకే పూర్తి నమ్మకం లేని సౌకర్యాలకు ఆపేసే మీటలు చిప్‌లోనే దాచిపెడతారు. 2023 జులైలో గూగుల్ పరిశోధకుడు టావిస్ ఒర్మాండీ ఏఎమ్‌డీ జెన్ 2 చిప్‌లలో జెన్‌బ్లీడ్ అనే లోపం బయటపెట్టాడు. రిజిస్టర్ పైభాగాన్ని సున్నా చేసే ఆదేశాన్ని ప్రాసెసర్ ఊహతో ముందుగా నడిపి, ఊహ తప్పాక వెనక్కి తీసుకోవడంలో పొరబడేది. దాంతో అదే కోర్ మీద నడిచే ఇతర ప్రోగ్రాముల అక్షరాలు, పాస్‌వర్డులతో సహా, బయటికి వచ్చేవి. కొత్త మైక్రోకోడ్ లేని యంత్రాల్లో లైనక్స్ ఒక నియంత్రణ రిజిస్టర్‌లోని 9వ బిట్‌ను 1 చేసి ఊరుకుంటుంది. కొంత వేగం పోతుంది, లోపం మూసుకుంటుంది.

సర్దుబాటుకు లొంగనివీ ఉన్నాయి. ఒక మోడల్‌కంతా ఉండే తప్పును పట్టికలో రాయవచ్చు. వేల చిప్‌లలో ఏ ఒక్కదానిలోనో, అందులోనూ ఒకే కోర్‌లో, ఉన్న తయారీ లోపాన్ని ఏ పట్టికా చెప్పదు. 2021లో ఫేస్‌బుక్ ఇంజినీర్లు అలాంటి కోర్‌ను వర్ణించారు. 1.1ను 53వ ఘాతానికి హెచ్చించి పూర్ణాంకం తీసుకుంటే 156 రావాలి, ఆ కోర్ 0 ఇచ్చేది. 52వ ఘాతానికి మాత్రం సరిగ్గానే 142 ఇచ్చేది. దోష సందేశం ఏదీ రాదు, ఫైళ్లు మాత్రం మాయమవుతాయి. అలాంటి కోర్‌ను పట్టుకున్నాక కెర్నెల్ చేయగలిగింది ఒక్కటే, ఆ కోర్‌ను వాడకం నుంచి తప్పించడం. ప్రాణాలతో ముడిపడిన రైల్వే సిగ్నలింగ్ వంటి చోట్ల ఒకే లెక్కను ఒకటికి మించిన ప్రాసెసర్లతో చేయించి పోల్చి చూడటం ఇందుకే. లొంగనిది మరొకటీ ఉంది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లలో ఎక్కువ వోల్టేజీ వల్ల లోపలి భాగాలు క్రమంగా అరిగిపోతున్నాయని 2024లో తేలింది. ఆగస్టులో వచ్చిన మైక్రోకోడ్ ఆ అరుగుదలను అడ్డుకుంటుంది, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను మాత్రం బాగుచేయలేదు. దానికి వారంటీలో మార్పిడే మార్గం, ఇంటెల్ ఆ గడువును మరో రెండేళ్లు పెంచింది.

కెర్నెల్‌లోకి చేరిన సర్దుబాట్లు అంత తేలిగ్గా పోవు. ఆ చిప్ వాడేవాళ్లు ఎక్కడో ఒకచోట ఉంటారన్న జాగ్రత్తతో వాటిని ఏళ్లపాటు మోస్తారు. 386 చిప్ కెర్నెల్ నడిచేటప్పుడు పేజీల మీది 'రాయకూడదు' గుర్తును పట్టించుకునేది కాదు. దాని కోసం లైనక్స్ ప్రోగ్రాముల మెమరీలో రాసే ముందు ప్రతిసారీ చేత్తో సరిచూసుకునే కోడ్ పెట్టుకుంది. ఆ కోడ్ పోయింది 2013 ఫిబ్రవరిలో వచ్చిన 3.8 కూర్పులో, 386కు మద్దతునే మొత్తంగా తీసేసినప్పుడు.